దుమగెటె ప్రయాణం: మనీలా మీదుగానా, సెబూ మీదుగానా?

కూకట్‌పల్లి_కిరణం
మార్చి 30న హైదరాబాద్‌లో బయల్దేరి ఏప్రిల్ 6కి తిరిగి రావాలని ప్లాన్. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. అమ్మకి 61, నాన్నకి 66. వెళ్లేది ఫిలిప్పీన్స్‌లో నెగ్రోస్ ద్వీపం తూర్పు తీరాన ఉన్న దుమగెటె. ఇప్పటిదాకా అనుకున్నది ఇదీ: సింగపూర్ మీదుగా మనీలా, దిగిన 2 గంటల 50 నిమిషాలకి దుమగెటె విమానం. మూడు ముక్కలూ విడివిడిగా కొంటే చవగ్గా పడుతున్నాయి. హోటల్ రిజాల్ బౌలెవార్డ్ మీద, పొద్దున్నే ఎదురుగా సముద్రంలో స్నానం చెయ్యొచ్చని. తర్వాత నాలుగు రోజుల్లో అపో ద్వీపం, సికిహోర్, ఓస్లోబ్ వేల్ షార్కులు, మంజుయోద్ ఇసుక దిబ్బ. అమ్మానాన్నా శాకాహారులు. ఇంకా ఒక్క రూపాయీ కట్టలేదు. ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి.

పటంపిచ్చి
మొట్టమొదటి తేడా తారీఖుల్లోనే ఉంది. 2026లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3. మీ ప్రయాణం సరిగ్గా వాళ్ల పవిత్ర వారంలో పడింది. మనకి సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకి బస్సులు ఎలా నిండుతాయో, అక్కడ ఆ వారం ఓడలూ బస్సులూ విమానాలూ అలా నిండుతాయి. గురువారం, శుక్రవారం చాలా దుకాణాలు, హోటళ్లు మూసేస్తారు. పైగా సికిహోర్‌లో అదే వారం నాటువైద్యుల ఉత్సవం ఉంటుంది. శుక్రవారం దాకా మూలికలు పోగుచేసి శనివారం పెద్ద బాణళ్లలో మందు కాస్తారు. అది చూడ్డానికే వెళ్లేవాళ్లుంటారు, కాబట్టి ఆ ద్వీపంలో గది దొరకడమే కష్టం. ఉత్సవమే మీ లక్ష్యమైతే సరే, కాకపోతే వారం పదిరోజుల తర్వాతకి జరపండి.

బాల్కనీసీటు
తారీఖుల సంగతి పైన చెప్పారు. నేను టికెట్ల గురించి చెప్తా, ఇదే అన్నిటికన్నా ఖరీదైన తప్పు కాబోతోంది.

విడి టికెట్లంటే మొదటి విమానం వాళ్లకి మీ రెండో విమానంతో సంబంధం లేదు. మొదటిది గంట ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు పోయినట్టే, ఎవరూ వేరే విమానం ఎక్కించరు. మీ ప్లాన్‌లో అలాంటి అతుకులు రెండున్నాయి, సింగపూర్‌లో ఒకటి, మనీలాలో ఒకటి.

సింగపూర్ అతుకు ఇంకా చెడ్డది. విడి టికెట్ అయితే బాగులు సింగపూర్ దాకే ట్యాగ్ చేస్తారు. వాటిని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, దానికి మనవాళ్లకి సింగపూర్ వీసా కావాలి. అది లేకపోతే హైదరాబాద్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. ఒకే బుకింగ్‌లో ఉంటే బాగులు నేరుగా వెళ్తాయి, మీరు లోపలే ఉంటారు, ఏ వీసా గొడవా లేదు.

మనీలాలో 2 గంటల 50 నిమిషాలు కాగితం మీద చాలనిపిస్తుంది. అందులో జరగాల్సినవి లెక్కెయ్యండి: విమానం దిగడం, ఇమిగ్రేషన్ లైను, బాగులు, కస్టమ్స్, ఆ తర్వాత టెర్మినల్ మారడం. మనీలా టెర్మినళ్లు ఒకే కప్పు కింద లేవు. 3వ టెర్మినల్ నుంచి 2కి వెళ్లాలంటే బయటి రోడ్డు మీద తిరిగి వెళ్లాలి, సాయంత్రం ఆ రోడ్డు కదలదు. అక్కడ మళ్లీ లగేజీ చెకిన్, ఆ కౌంటర్ విమానం టైముకి చాలా ముందే మూసేస్తారు. విడి టికెట్లతో అయితే కనీసం 5 గంటలు ఉంచుకోవాలి. పెద్దవాళ్లతో అయితే ఆ రాత్రికి ఆగిపోవడమే మేలు.

నా మాట: మనీలా వదిలేసి, నెగ్రోస్ పక్క ద్వీపం సెబూలో దిగండి. సింగపూర్ నుంచీ, హాంకాంగ్ నుంచీ సెబూకి నేరుగా విమానాలున్నాయి. హైదరాబాద్ నుంచి ఆ రెండూళ్లకీ ఉన్నాయి. హైదరాబాద్–సెబూ ఒకే బుకింగ్‌గా తీసుకోండి. సెబూ విమానాశ్రయంలో 1వ టెర్మినల్ దేశీయం, 2వది అంతర్జాతీయం, రెండూ పక్కపక్కనే, నడిచే వెళ్లొచ్చు. అక్కణ్ణుంచి దుమగెటెకి ఏటీఆర్ అనే చిన్న రెక్కపంకాల విమానం, గాల్లో అరగంట పైచిలుకు అంతే.

అమలాపురం_అబ్బాయి
ఢిల్లీ నుంచి మనీలాకి డైరెక్టు ఉంది కదా, 2025 అక్టోబర్‌లో మొదలైంది. దాన్ని ఎవరూ చెప్పలేదేం?

బాల్కనీసీటు
ఉంది. ఉత్తరాది వాళ్లకి బావుంటుంది. హైదరాబాద్ వాళ్లు ఉత్తరానికి వెళ్లి మళ్లీ తూర్పుకి తిరగాలి, దిగేది మళ్లీ మనీలాలోనే. వీళ్లకి కావాల్సింది మనీలా కాదు. మనీలాలో రెండ్రోజులు చూడాల్సిన పనుంటే అప్పుడు దాన్ని ఆలోచించండి.

కూకట్‌పల్లి_కిరణం
అమ్మో, సింగపూర్ వీసా సంగతి తట్టనే లేదు. ఫిలిప్పీన్స్‌కి వీసా అక్కర్లేదంటున్నారు, అది నిజమేనా?

దావావ్_తెలుగమ్మాయి
నిజమే. 2025 జూన్ నుంచి భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి పర్యటనకి 14 రోజులు వీసా లేకుండా ఇస్తున్నారు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంజెన్ (యూరప్ ఉమ్మడి వీసా దేశాలు), సింగపూర్, బ్రిటన్‌లలో దేనిదైనా చెల్లే వీసా గానీ నివాస అనుమతి గానీ ఉంటే 30 రోజులు. రెండూ పొడిగించరు, వేరే వీసాగా మార్చరు. కాబట్టి 14 రోజులంటే ఖచ్చితంగా 14, తుపానుకి ఓడ ఆగిందని చెప్పినా లాభం లేదు. మొత్తం ప్లాన్ 10, 11 రోజులు దాటకుండా చూసుకోండి.

దగ్గర ఉండాల్సినవి: తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు చెల్లే పాస్‌పోర్ట్, వెనక్కి వచ్చే టికెట్, హోటల్ బుకింగులు, డబ్బుందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్. నలుగురివీ కాగితం మీద ప్రింటు తీసి ఎవరిది వాళ్ల చేతికివ్వండి. అమ్మానాన్నలు వేరే కౌంటర్‌కి వెళ్తే ఫోన్ మీ దగ్గరుండి వాళ్లు ఇబ్బంది పడతారు. టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం వాళ్ల పేజీలో రూల్ మారలేదని ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, ఈట్రావెల్ నమోదు, అంటే ఫిలిప్పీన్స్‌లో దిగేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ప్రభుత్వ ఫారం. దిగడానికి ముందు 72 గంటల లోపు చెయ్యాలి, ఒక్కొక్కరికీ విడిగా, క్యూఆర్ కోడ్ వస్తుంది. దానికి రుసుము లేదు. చిరునామా చివర గవ్ డాట్ పీహెచ్ ఉన్నదే అసలుది. వెతికితే పైన డబ్బులడిగే నకిలీ సైట్లు వస్తాయి, వాటిలో కార్డు నంబర్ ఇవ్వొద్దు.

రాజమండ్రి_రవళి
మా చెల్లి అక్కడ మెడిసిన్ చదువుతోంది. తనూ ఇదే 14 రోజుల రూల్ కిందకి వస్తుందా? సెలవులకి ఇంటికి వచ్చి వెళ్లేటప్పుడు?

దావావ్_తెలుగమ్మాయి
రాదు. స్టూడెంట్ వీసా వేరే దారి. తను దేశం వదిలేటప్పుడు వలస శాఖ క్లియరెన్స్ పత్రం చూసుకోవాలి, అది కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడిగితే చెప్తారు. చెల్లిని చూడ్డానికి వెళ్లే మీ అమ్మానాన్నలకైతే ఈ 14 రోజులు పనికొస్తాయి. ఈ చర్చలో కలపకండి, వేరే ప్రశ్న పెట్టండి, అక్కడ రాస్తా.

వైజాగ్_సరంగు
విమానాల సంగతి తేలింది. ఇప్పుడు నీళ్ల సంగతి. కిరణం గారూ, రిజాల్ బౌలెవార్డ్ ఎదురుగా స్నానం చేసే బీచ్ లేదు. అది రాతి కట్ట, మన ఆర్కే బీచ్ రోడ్డులాగా సాయంత్రం నడవడానికి, కూర్చోడానికి. తెల్లారే సూర్యోదయం బ్రహ్మాండంగా ఉంటుంది, అంతవరకే. నీళ్లలో దిగాలంటే దక్షిణంగా దావిన్ వెళ్లాలి. అక్కడా తెల్ల ఇసుక ఆశించకండి, అగ్నిపర్వతం ఇసుక, బూడిద నలుపు. తెల్ల ఇసుక కావాలంటే సికిహోర్ పడమటి కొసన పలిటన్.

మీ నాలుగు చోట్లూ నాలుగు రకాలు. ఒక్కోదానికి ఒక్కో లెక్కుంది.

అపో: దుమగెటె నుంచి బస్సులో దక్షిణంగా పాతిక కిలోమీటర్లు వెళ్తే మలటపాయ్. అక్కడ పడవ, ముప్పావుగంట లోపు. పడవ ఎక్కడం దిగడం మోకాలి లోతు నీళ్లలోనే, జెట్టీ ఉండదు. నాన్నగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. దారిలో తుంపర ఒళ్లంతా పడుతుంది, ఫోన్లూ పాస్‌పోర్టులూ నీళ్లు చొరని సంచిలో వెయ్యాలి. పొద్దున్న 7, 8కి బయల్దేరి మధ్యాహ్నం 2, 3 కల్లా వెనక్కి రావాలి. గాలి లేచేది మధ్యాహ్నం తర్వాతే. పడవ కిరాయి మనిషికి కాదు, పడవకి. నలుగురికైనా మొత్తం మీరే కట్టాలి, లేదా పొద్దున్నే వెళ్లి మిగతా వాళ్లతో కలవాలి.

మంజుయోద్: బైస్ ఊరి నుంచి పడవ. ఇది పూర్తిగా ఆటుపోట్ల మీద ఆధారపడింది. పోటు మీద వెళ్తే అక్కడ దిబ్బే ఉండదు, నడుం లోతు నీళ్లు. పగటిపూట ఆటు ఏ టైముకో పట్టికలో చూసి, దానికి గంటన్నర ముందు దిబ్బ దగ్గరుండేలా బయల్దేరాలి. అమావాస్య, పున్నములకి అటూ ఇటూ రెండ్రోజులు ఆటు బాగా దిగుతుంది, ఇసుక ఎక్కువ బయటపడుతుంది. అదే పడవలో ముందు డాల్ఫిన్ల కోసం తన్యోన్ జలసంధిలోకి తీసుకెళ్తారు, అందుకే తెల్లారకముందే బైస్‌లో ఉండాలి.

సికిహోర్: దుమగెటె రేవు నుంచే ఫెర్రీ. వేగం పడవైతే గంట, పెద్దదైతే గంటన్నర, రెండు గంటలు. ఒక్కరోజులో వెళ్లి రావచ్చు గానీ దండగ. ద్వీపం చుట్టూ రోడ్డే 70 కిలోమీటర్ల పైన ఉంది. రెండు రాత్రులు ఉండండి.

ఓస్లోబ్ గురించి తర్వాత రాస్తా, దానికి విడిగా మాట్లాడాలి.

పప్పుచారు
ఆర్కే బీచ్‌తో పోలిక చదివాక ఊరు కళ్లకి కట్టింది. బౌలెవార్డ్ మీద మిరపకాయ బజ్జీ దొరుకుతుందా మరి?

దావావ్_తెలుగమ్మాయి
బజ్జీ లేదు, సాయంత్రం టెంపురా అని అమ్ముతారు. పేరు చూసి కూరగాయల బజ్జీ అనుకోకండి, చేప కలిపిన పిండి ముద్ద అది. అమ్మానాన్నలకి తిండి గురించి ఇక్కడే చెప్పేస్తా.

అక్కడ కూరగాయల వంటలో కూడా చేపల పులుసునీరు, రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్ పడతాయి. పినక్బెట్ చూడ్డానికి మన వంకాయ, బెండకాయ, గుమ్మడి కలగూర లాగే ఉంటుంది, రుచంతా రొయ్యల ముద్దదే. చాప్‌స్యూయ్ అన్నా ఆయిస్టర్ సాస్, కోడి ముక్కలు. 'వెజిటేరియన్' అంటే 'కూర ఎక్కువ, మాంసం తక్కువ' అని అర్థం చేసుకునే వాళ్లున్నారు. అందుకని ఆ మాట కాకుండా, ఆ ఊళ్లో మాట్లాడే సెబువానోలో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పండి: 'వలాయ్ కర్నే, వలాయ్ ఇస్దా, వలాయ్ పటిస్'. మాంసం వద్దు, చేప వద్దు, చేప నీరు వద్దు అని. 'ఉటన్' అంటే కూరగాయలు. చీటీ మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది.

నిశ్చింతగా తినగలిగేవి: పొద్దున్న పెద్ద బజారులో పుటో మాయా, అంటే కొబ్బరిపాలు, అల్లం వేసి ఉడికించిన జిగురు బియ్యం. దాంతో సిక్వాటె అనే చిక్కటి వేడి చాక్లెట్, పక్కన మామిడిపండు. ఏప్రిల్‌లో మామిడి కాలమే. ఇంకోటి బుద్‌బుద్ కాబోగ్, ఉత్తరాన తంజాయ్ ఊరిది పేరున్న సరుకు. కాబోగ్ అంటే మన వరిగలే! కొబ్బరిపాలలో ఉడికించి అరిటాకులో చుడతారు. మీ అమ్మగారికి ఒక్క ముద్దకే తెలిసిపోతుంది.

ఊరి ప్రసిద్ధ మిఠాయిలు సాన్స్ రైవల్ కేకు, సిల్వానాస్. రెండింట్లోనూ గుడ్డు తెల్లసొన ఉంటుంది. గుడ్డు తినకపోతే వద్దు.

చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, కందిపొడి, పులిహోర పేస్టు, చింతకాయ పచ్చడి చెకిన్ బాగులో పెట్టుకోండి. మాంసం పచ్చళ్లు, పచ్చి పండ్లు వద్దు, కస్టమ్స్‌లో తీసేస్తారు. పచ్చడి సీసా చేతి బాగులో అసలే వద్దు, నూనె కాబట్టి భద్రతా తనిఖీలో ఆపేస్తారు.

కరెంటు_కనకయ్య
కుక్కర్ మాట వచ్చింది కాబట్టి. అక్కడ 220 వోల్టులే, 60 హెర్ట్‌జ్. కుక్కర్, ఛార్జర్ పనిచేస్తాయి. కానీ ప్లగ్గు అమెరికా తరహా రెండు పలక పిన్నులు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు దూరదు. అడాప్టర్ ఇక్కడే కొనండి, కుక్కర్‌కి సరిపడా ఆంపియర్లున్నది. ఫోన్ ఛార్జర్‌కని అమ్మే పల్చటి అడాప్టర్ మీద కుక్కర్ పెడితే కరిగిపోతుంది. గదిలో వంటకి హోటల్ ఒప్పుకుంటుందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.

రూపాయిలెక్క
డబ్బు: 1 పెసో అంటే సుమారు రూపాయిన్నర. మన రూపాయలు అక్కడ మార్చడం కష్టం, యూపీఐ పనిచెయ్యదు. అక్కడివాళ్లు ఫోన్‌లో డబ్బు కట్టడానికి వాడే జీక్యాష్ మనలాంటి వారం రోజుల అతిథులకి అయ్యే పని కాదు. డాలర్లు పట్టుకెళ్లి సెబూలో కొంత మార్చుకోండి, మిగతాది ఏటీఎం. విదేశీ కార్డుకి ఏటీఎం ప్రతిసారీ 250 పెసోల దాకా రుసుము పట్టుకుంటుంది, చాలా మిషన్లు ఒకసారికి 10,000 పెసోలే ఇస్తాయి. కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తియ్యొద్దు, ఒకేసారి తియ్యండి. మిషన్ 'మీ కరెన్సీలో లెక్కించమంటారా' అని అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు నష్టం.

అపోలో ఏటీఎం లేదు, సికిహోర్‌లో ఉన్నవాటిలో డబ్బు అయిపోతుంటుంది. దుమగెటెలోనే తీసుకుని, 20, 50, 100 నోట్లుగా విడగొట్టుకోండి. రేవు రుసుము, పర్యావరణ రుసుము, గైడు, బండి పార్కింగ్, అన్నీ చిల్లర నగదే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాళ్ల కేంద్ర బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండా 50,000 పెసోలకి మించి పెసో నగదు, ప్రకటించకుండా 10,000 డాలర్లకి మించి విదేశీ నగదు ఉంచుకోకూడదు.

బుల్లెట్_బాబాయ్
ఊళ్లో తిరగడానికి స్కూటర్ అద్దెకి తీసుకోండి, రోజుకి 400 పెసోలు అటూ ఇటూ. అదే హాయి.

బాల్కనీసీటు
బాబాయ్, 66 ఏళ్లాయన్ని వెనక కూర్చోబెట్టి? పైగా అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ మన చెయ్యి ఎడమకే లాగుతుంది.

బుల్లెట్_బాబాయ్
కుడివైపన్నది నిజమే, అది చెప్పి ఉండాల్సింది. అయితే సికిహోర్ చుట్టు రోడ్డు ఖాళీగా ఉంటుంది, అక్కడ అలవాటు చేసుకోవచ్చు. కిరణం, వాళ్లావిడ బండి మీద, పెద్దవాళ్లకి మన ఆటోలాంటి ట్రైసికిల్ రోజు కిరాయికి మాట్లాడుకోవచ్చు. లైసెన్స్ గురించి: ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్ 90 రోజులు చెల్లుతుంది, కానీ అందులో మోటార్‌సైకిల్ తరగతి ఉండాలి. కారు లైసెన్స్ ఒక్కటే ఉండి బండి నడిపితే, పడ్డప్పుడు ప్రయాణ బీమా ఒక్క పైసా ఇవ్వదు. హెల్మెట్ ఇద్దరికీ చట్టం. బండి తీసుకునేటప్పుడు గీతలన్నీ వీడియో తీసుకోండి. పాస్‌పోర్ట్ తాకట్టు అడిగితే ఇవ్వకండి, నగదు డిపాజిట్ ఇస్తామనండి.

పటంపిచ్చి
ఊళ్లో ట్రైసికిల్‌నే వాళ్లు 'పెడిక్యాబ్' అంటారు, తొక్కేది కాదు, మోటార్‌దే. మన షేర్ ఆటో పద్ధతి. ఆపి ఎక్కడికో చెప్పండి, తన దారి కాకపోతే తల అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు, తప్పుగా అనుకోకండి. ఒక్కరే మొత్తం బండి మాట్లాడుకుంటే దాన్ని 'పక్యావ్' అంటారు, రేటు ముందే తేల్చుకోండి. విమానాశ్రయం నిజానికి పక్క ఊరు సిబులాన్‌లో ఉంది. ఊళ్లోకి నాలుగైదు కిలోమీటర్లే. బండి దిగాలంటే 'లుగర్ లాంగ్' అనండి.

పేరు కూడా నేర్చుకోండి: దు-మ-గె-టె, చివరి 'టె' పలకాలి. 'డుమాగ్యూట్' అంటే డ్రైవర్‌కి అర్థం కాదు. 'దగిత్' అంటే తన్నుకుపోవడం, పూర్వం సముద్రపు దోపిడీగాళ్లు వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయేవాళ్లు. ఆ కాలపు గుర్తే చర్చి పక్కనున్న గంటగోపురం, 1811ది. దండు వస్తోందని గంట కొట్టడానికి.

కూకట్‌పల్లి_కిరణం
ఇంత వివరం అనుకోలేదు, ఒక్కోటీ రాసుకుంటున్నా. ఒక డౌట్: సెబూ దాకా వెళ్లాక విమానం ఎందుకు, బస్సు, ఫెర్రీ ఉన్నాయి కదా? ఖర్చు సగానికి సగం తగ్గుతోంది.

వైజాగ్_సరంగు
ఉన్నాయి. సెబూ దక్షిణ బస్టాండ్ నుంచి సంతాందేర్ మండలంలోని లిలోఆన్ రేవు దాకా బస్సు, మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు. అక్కణ్ణుంచి సిబులాన్‌కి పడవ, అరగంట లోపు. కుర్రాళ్లకి చాలా బావుంటుంది, ఎడమవైపు కిటికీలో కూర్చుంటే దారంతా సముద్రమే. కానీ విమానాశ్రయం ఉన్నది మక్తాన్ ద్వీపంలో, బస్టాండ్ ఊరి అవతలి వైపు, ఆ ట్రాఫిక్‌లో ఇంకో గంట, గంటన్నర. నాలుగు పెద్ద బాగులు, అరవై దాటిన ఇద్దరు, హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాక. వద్దు.

ఒక జాగ్రత్త, ఎవరైనా ఆ దారిలో వెళ్లేవాళ్లకి: సెబూలో లిలోఆన్‌లు రెండు. ఒకటి సెబూ నగరానికి ఉత్తరాన కొద్ది దూరంలోనే ఉన్న పట్టణం. రేవు ఉన్నది దక్షిణ కొసన. మ్యాప్‌లో పేరు కొట్టి ట్యాక్సీకి చూపిస్తే ఉత్తరానికి తీసుకెళ్తాడు. 'సంతాందేర్' అని కలిపి చెప్పాలి.

అమలాపురం_అబ్బాయి
సెబూ నుంచి దుమగెటెకి నేరుగా వేగం ఫెర్రీ కూడా ఉందిగా, బోహోల్‌లో తగ్బిలారన్ మీదుగా, నాలుగు గంటలు?

వైజాగ్_సరంగు
ఉంది. సముద్రం నున్నగా ఉంటే మంచిదే. వాంతులయ్యే వాళ్లుంటే నాలుగు గంటలు నరకం. అలవాటు లేని పెద్దవాళ్లని మొదటి రోజే అంత దూరం పడవెక్కించకండి. తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు.

బాల్కనీసీటు
ఏటీఆర్ విమానం లగేజీ ఒకటి గుర్తుంచుకోండి. అంతర్జాతీయ టికెట్‌లో మీకు 25, 30 కిలోలు ఇస్తారు. దేశీయ టికెట్‌లో లగేజీ కొనుక్కున్నంతే, చేతి బాగు 7 కిలోలు, తూచి మరీ చూస్తారు. టికెట్ కొన్నప్పుడే మనిషికి 20 కిలోలు కలుపుకోండి, కౌంటర్‌లో కొంటే చాలా ఎక్కువ. కుక్కర్ ఒక బాగులో, పచ్చళ్లు ఇంకో బాగులో సర్దితే బరువు సర్దుబాటవుతుంది.

కూకట్‌పల్లి_కిరణం
సరంగు గారూ, ఓస్లోబ్ గురించి రాస్తానన్నారు.

వైజాగ్_సరంగు
నా అభిప్రాయం వెళ్లొద్దని. అక్కడ వేల్ షార్కులు వాటంతట అవి వచ్చేవి కావు. 2011 ప్రాంతం నుంచి రోజూ పొద్దున్నే చిన్న రొయ్యలు వేసి అలవాటు చేశారు. వలస వెళ్లాల్సిన చేపలు ఒకే చోట ఉండిపోతున్నాయి, తిండి కోసం పడవల దగ్గరికి వస్తాయి, ఒంటి మీద గాయాలు పడుతున్నాయి. నీళ్లలో మీ చుట్టూ డజన్ల మంది ఉంటారు, చూసేది నిమిషాల లెక్కన. అదే రోజు అపోలో తాబేళ్ల పక్కన ఈదొచ్చు. వాటికెవరూ మేత వెయ్యరు, తీరం దగ్గర గడ్డి తినడానికి వాటంతటవే వస్తాయి.

పటంపిచ్చి
నేను పూర్తిగా ఒప్పుకోను. ఓస్లోబ్‌లో ఈ షార్కులుండే తన్-అవాన్ ఊరి జాలర్లు ఇప్పుడు వేట మానేసి దాని మీదే బతుకుతున్నారు. ఒకప్పుడు ఫిలిప్పీన్స్‌లో వేల్ షార్కుల్ని మాంసానికి చంపేవాళ్లు, 1998లో నిషేధించారు. బతికున్న చేపకి విలువ ఉంటేనే జాలరి దాన్ని కాపాడతాడు. పడవల సంఖ్యా, మేతా తగ్గించమని అడగాలి గానీ వెళ్లొద్దనడం ఎలా?

వైజాగ్_సరంగు
జాలర్ల బతుకు గురించి మీరన్నది నాకూ ముఖ్యమే. కానీ రెండూ చేసిన ఊరు పక్కనే ఉంది. అపో జాలర్లు 1980ల్లో సిల్లిమాన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా బృందంతో కలిసి తీరంలో ఒక ముక్కని వేటకి మూసేశారు. అక్కడ చేప పెరిగి పక్క నీళ్లలోకి వచ్చింది, వేటా దక్కింది, తర్వాత పర్యాటకులూ వచ్చారు. 2011, 2012 డిసెంబర్ తుపాన్లకి ఆ పగడాలు బాగా దెబ్బతిన్నాయి, అయినా ఊరివాళ్లు కాపలా మానలేదు. మేత వెయ్యకుండా బతికే దారి ఉందని చూపించింది వాళ్లే. కిరణం గారి డబ్బు అక్కడికి వెళ్లాలని నా కోరిక. అక్కడ గైడుని తప్పనిసరిగా తీసుకోవాలి, తాబేలుని తాకకూడదు, దాని పైన ఈదకూడదు, అది ఊపిరి కోసం పైకి వస్తుంది. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి.

కూకట్‌పల్లి_కిరణం
ఓస్లోబ్ తీసేశా. ఒక రోజు మిగిలింది కూడా. దావిన్‌లో నేను ఒక పరిచయ స్కూబా డైవ్ చెయ్యాలనుకుంటున్నా. ఈత వచ్చు.

ముత్యంచిప్ప
దావిన్ నల్ల ఇసుక చూసి నిరాశపడొద్దు, డైవింగ్‌కి అదే పేరు. చేతివేలంత జీవులు, కప్పచేపలు, నీటిగుర్రాలు, ఇసుకలో దాక్కునేవి, వాటి కోసమే ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. మొదటిసారికి తీరం నుంచే నడిచి దిగొచ్చు, పడవ అక్కర్లేదు.

డైవ్ తర్వాత విమానం విషయం: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలి. రక్తంలో కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే పీడనం తగ్గితే బుడగలు కడుతుంది. విమానమే కాదు, కొండలూ అంతే. బలిన్సాసాయావ్ జంట సరస్సులు 800 మీటర్లకి పైన ఉన్నాయి, డైవ్ చేసిన సాయంత్రం అక్కడికి బండెక్కొద్దు. ముందు రోజు వెళ్లండి. ఆరోగ్య ప్రశ్నల ఫారంలో ఆస్తమా, చెవి ఆపరేషన్, బీపీ మందులు ఏమున్నా దాచకండి. జలుబుంటే మానుకోండి, చెవులు సర్దుకోవు.

కూకట్‌పల్లి_కిరణం
అందరూ చెప్పింది కలిపి మార్చా. ఏప్రిల్ 12 ఆదివారం రాత్రి హైదరాబాద్. 13 సోమవారం సెబూ, విమానాశ్రయం దగ్గరే రాత్రి. 14 పొద్దున్న దుమగెటె. 15 అపో. 16 జంట సరస్సులు. 17 దావిన్ డైవ్. 18 మంజుయోద్. 19, 20 సికిహోర్. 21 మధ్యాహ్నం సికిహోర్ నుంచి దుమగెటె ఫెర్రీ, సాయంత్రం సెబూ విమానం, అదే రాత్రి సింగపూర్ విమానం. ఎలా ఉంది?

పటంపిచ్చి
15 బుధవారం, అదృష్టం! మలటపాయ్‌లో సముద్రపు ఒడ్డున వారపు సంత బుధవారమే. పశువులు, చేపలు, అరటిగెలలు, అన్నీ. పొద్దున్న అపో వెళ్లి వచ్చాక అయితే సంత పల్చబడుతుంది, కాబట్టి ఆరింటికే అక్కడుండి ఓ గంట చూసి పడవెక్కండి. అమ్మానాన్నలు పడవ వద్దంటే సంతలోనే కాలక్షేపం చెయ్యొచ్చు.

వైజాగ్_సరంగు
17 శుక్రవారం అమావాస్య. 18న మంజుయోద్ ఆటు బాగా దిగాలి. బైస్ వాళ్లకి ముందు రోజు ఫోన్ చేసి టైము ఖాయం చేసుకోండి. ఏప్రిల్‌లో ఈశాన్య గాలి తగ్గి సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, నైరుతి ఇంకా రాదు. తారీఖులు బావున్నాయి.

కానీ 21 మార్చండి. ఫెర్రీ, విమానం, విమానం, మూడూ ఒకే రోజు, మొదటిది సముద్రం మీద. కోస్ట్‌గార్డ్ గాలి హెచ్చరిక ఇచ్చిందంటే ఫెర్రీలన్నీ ఆపేస్తారు, టికెట్ చేతిలో ఉన్నా రేవులోనే కూర్చోవాలి. 20న దుమగెటెకి వచ్చెయ్యండి.

బాల్కనీసీటు
అదే రాయబోతున్నా. 20 మధ్యాహ్నం ఫెర్రీ, రాత్రి దుమగెటెలో. 21 పొద్దున్నే సెబూ విమానం, రాత్రికి సింగపూర్. పొద్దున్నది రద్దయినా మధ్యాహ్నంది ఎక్కొచ్చు, అదీ లేకపోతే సిబులాన్–లిలోఆన్ దారిలో సాయంత్రానికి సెబూ చేరగలరు. ఆ ఒక్క రోజు ఆ బస్సు మీకు బీమా.

ముత్యంచిప్ప
నెగ్రోస్‌లో ఉత్తరాన కన్‌లావోన్ అగ్నిపర్వతం ఉంది, 2024లో జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ పేలింది, 2025లోనూ బూడిద కక్కింది. దుమగెటెకి దూరమే, ఊరికి భయం లేదు, కానీ బూడిద లేస్తే విమానాలు ఆగుతాయి. బయల్దేరే వారం అగ్నిపర్వతాల సంస్థ ఫివోల్క్స్ ప్రకటనలు, గాలివానకి వాతావరణ సంస్థ పగాసా ప్రకటనలు రోజూ చూడండి. బీమా తీసుకునేటప్పుడు ప్రకృతి విపత్తు వల్ల ప్రయాణం ఆగిపోవడం కూడా అందులో ఉందో లేదో చదవండి.

రూపాయిలెక్క
సిమ్ సెబూ విమానాశ్రయంలోనే కొనండి. పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, బస చిరునామా ఇచ్చి నమోదు చేస్తేనే పనిచేస్తుంది, పర్యాటకులకి 30 రోజులు. కౌంటర్ వాళ్లే చేసిపెడతారు, ఫోన్‌లో నెట్ వచ్చిందాకా అక్కణ్ణుంచి కదలకండి. నలుగురికీ కాదు, రెండు చాలు, ఒకటి నాన్నగారి దగ్గర ఉంచండి.

కూకట్‌పల్లి_కిరణం
సరే. సికిహోర్ 18 రాత్రి కాకుండా 19 పొద్దున్న వెళ్లి ఒక్క రాత్రే అవుతుంది, ద్వీపం సగమే చూస్తాం. జంట సరస్సులు తీసేసి 16న డైవ్, 17న మంజుయోద్, 18, 19 రాత్రులు సికిహోర్ అంటే?

వైజాగ్_సరంగు
అదే సరి. 17 అమావాస్య రోజే కాబట్టి దిబ్బకి ఇంకా మంచిది. 18 పొద్దున్న మొదటి ఫెర్రీకి టికెట్ 16 సాయంత్రమే రేవులో కొనుక్కోండి, శనివారం జనం ఉంటారు. నాలుగు పాస్‌పోర్టులూ పట్టుకెళ్లండి, టికెట్ మీద పేర్లు రాస్తారు.